పచ్చ గీత క్యాసెట్

మార్చి 3, సోమవారం

పార్సిలు వచ్చింది. షాపుకు పంపమని రాస్తే ఇంటికి పంపారు, అదీ నేను లేనప్పుడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి మా ఆవిడ ముందుగదిలో కుర్చీ వేసి, దాన్ని అందులో కూర్చోబెట్టి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మీ చుట్టం వచ్చాడు. మంచినీళ్ళిచ్చాను, తాగలేదు."

"మెల్లగా మాట్లాడవే."

"ఇతను నాలుగోవాడు కదూ?"

"ఇదే చివరిది."

"మూడోవాడూ చివరివాడే, పాపం."

వెనకగదిలోకి చేర్చాను. మా ప్రార్థన సంఘంలోంచి ఎవరైనా నాకోసం వస్తే మా ఆవిడ "లోపల ధ్యానంలో ఉన్నారు" అని చెబుతుంది. చెప్పేటప్పుడు పెదవులు బిగబట్టుకుంటుంది. అది నవ్వని నేననుకోను.

ఇది ఆశ కాదు. ఆశపడ్డవాడికి నిద్ర పట్టదు. నాకు బాగానే పడుతోంది. నిన్న పట్టలేదంటే, అది దగ్గు.

మార్చి 4, మంగళవారం

ధ్యానం. పెట్టె విప్పాను.

నలభై ఏళ్ళ నాటి ఇంటి కంప్యూటరు. గోధుమరంగు. సముద్రాలు దాటి వచ్చినా ఒక్క మీట ఊడలేదు. "తెర ఏదీ?" అంది మా ఆవిడ. తెర ఉండదని చెప్పాను. మీటల పలకలోనే యంత్రమంతా ఉంటుంది, తెరగా ఇంట్లోని టీవీని వాడుకునేవాళ్ళు. జ్ఞాపకానికి టేపు రికార్డరు. ప్రోగ్రాం అంతా క్యాసెట్ మీద కీచుమనే మోతగా ఉంటుంది. యంత్రం ఆ మోత విని, తను చేయాల్సింది తెలుసుకుంటుంది.

"అయితే వీడు వింటాడన్నమాట. మీకు సరిపోయాడు," అంది.

పెట్టెలో ఒక క్యాసెట్, ఒక ఉత్తరం. క్యాసెట్ మీద పేరేం లేదు, చీటీకి అడ్డంగా పచ్చసిరాతో ఒక గీత మాత్రం ఉంది. ఉత్తరం ఈ యంత్రం పంపిన విదేశీ పెద్దావిడది. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. సారాంశం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను:

"మా ఆయన పోయి ఆరేళ్ళు. నాకోసం ఈ యంత్రం మీద ఒక ఆట రాశాడు. సాయంకాలాలు ఆడుకునేవాళ్ళం. యంత్రాన్నీ నేనే గెలిచేదాన్ని, ఆయన్నీ నేనే గెలిచేదాన్ని. నా రికార్డు ఆ క్యాసెట్‌లో ఉంది, ఇంకెక్కడా లేదు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసి అక్క కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఆ లోపు నా రికార్డు ఇంకా ఉందో లేదో చూసి చెప్పండి. మీరు ప్రసంగాలు చేసే మనిషినని రాశారు కాబట్టే ఎందరడిగినా ఇవ్వకుండా మీకు పంపుతున్నాను. నాతో అబద్ధం చెప్పకండి."

కింద అక్క కూతురి ఫోన్ నంబరు.

గ్రంథం మీద చెయ్యి పెట్టి, చూసి చెబుతానని గట్టిగా అన్నాను. వంటింట్లోంచి "ఎవరితో?" అని కేక వచ్చింది.

మార్చి 6, గురువారం

వెలిగింది!

మొదటి యంత్రం వచ్చినప్పుడు నేను చేసిన పని ఇక్కడ తప్ప ఎక్కడా రాయను. ఆ దేశం కరెంటు నూట పది వోల్టులు, మన గోడలో వచ్చేది రెండు వందల ముప్పై. ముప్పై ఏళ్ళుగా మోటార్లు చుట్టి బతుకుతున్నవాణ్ణి, ఆత్రంలో నేరుగా గోడ సాకెట్‌లో పెట్టేశాను. పొగ. మా ఆవిడ తలుపు తీసి చూసి, "ధ్యానం బాగా కుదిరినట్టుంది" అని మళ్ళీ మూసేసింది.

ఈసారి షాపులో మూడు రోజులు కూర్చుని ట్రాన్స్‌ఫార్మర్ నా చేత్తో చుట్టాను. పొరకూ పొరకూ మధ్య కాగితం, వార్నిష్ ముంచి ఆరబెట్టడం, అన్నీ. మీటరు పెడితే నూట పన్నెండు. వాళ్ళ కరెంటు సెకనుకు అరవైసార్లు ఊగుతుంది, మనది యాభై, కొంచెం వేడెక్కుతుంది కానీ తట్టుకుంటుంది. యంత్రం లోపల ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చాను. కుడిపక్క గ్రంథం, ఎడమపక్క సోల్డరింగ్ ఐరన్. స్విచ్ వేశాను. ఎర్రదీపం చిన్నగా, నిదానంగా వెలిగింది.

అరవబోయి ఆపుకున్నాను. ధ్యానంలో ఉన్నవాడు అరవడు.

ఇప్పుడు టీవీ కావాలి. పాతకాలపు లావుపాటి టీవీ. ఊళ్ళో ఎవరి దగ్గరుంది? ఎవరి దగ్గరా లేదు. ఎందుకు లేదు? పదేళ్ళ క్రితం "వెలిగే పెట్టె, ఆరే ఇల్లు" అని నేను గంటన్నర ప్రసంగించాను. ఆ వారంలోనే ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు టీవీలు వదిలేశారు. నా జీవితంలో అంతటి ఫలం మళ్ళీ చూడలేదు. ఇవాళ మొదటిసారి, ఒక్క ఇల్లైనా మిగలాల్సిందేమో అనిపించింది. ఆ తలంపును గద్దించాను.

మార్చి 9, ఆదివారం

కపటం మీద ప్రసంగం. గొంతు పోయింది. మంచి ఆదివారం.

సాయంత్రం మంచం పట్టినవాళ్ళకు ప్రసంగం క్యాసెట్ ఇచ్చి వచ్చాను. ఫోన్‌లో పంపొచ్చు కదా అంటారు కుర్రకారు. మా పెద్దవాళ్ళకు మీట నొక్కితే పాడే పెట్టె తప్ప ఇంకోటి పనికిరాదు. పద్ధతి ఎప్పటిదే: మొదట తంతి ఆఫీసు మామ్మగారు వింటుంది, అక్కడినుంచి దర్జీ తల్లికి, తర్వాత దర్జీ దగ్గరుండే క్యాసెట్ల పెట్టెలోకి. మళ్ళీ దాని మీదే ఇంకో ప్రసంగం. కొత్త క్యాసెట్లు దొరకవు, అన్నీ పాత పాటలవే. పాటలు చెరిగిపోకుండా వాటి నెత్తిన ఒక్కో వైపుకు ఒక్కో చిల్లు ఉంటుంది. దర్జీ చిన్న గుడ్డముక్క అంటించి, రికార్డు చేసే వైపు చిల్లు మూసేస్తాడు. అప్పుడు రికార్డవుతుంది. ప్రతి క్యాసెట్‌కూ వాడు చేసే మొదటి పని అది.

మార్చి 10, సోమవారం

టీవీ లేకపోయినా కనీసం ఆ మోతైనా విందామని పెద్దావిడ క్యాసెట్ రికార్డరులో పెట్టాను.

"ఓ కపటీ!" అని అరిచింది.

నా గొంతే. నిన్నటి ప్రసంగం.

నిన్న బల్ల మీద రెండు క్యాసెట్లూ పక్కపక్కన పెట్టాను. ఒకటి గ్రంథం మీద, ఒకటి యంత్రం మీద. ఏది ఎక్కడ పెట్టానో నాకు బాగా గుర్తుంది అనుకున్నాను. పెద్దావిడ రికార్డు తంతి ఆఫీసు మామ్మగారింట్లో ఉంది.

మార్చి 11, మంగళవారం

మామ్మగారు ముప్పై ఏళ్ళు తంతి ఆఫీసులో టక టక కొట్టిన మనిషి. కాళ్ళు పనిచేయవు, చెవులు మాత్రం ఇప్పటికీ కత్తుల్లా ఉన్నాయి.

"రా నాయనా. ఈ వారం ప్రసంగం చాలా బాగుంది."

"అవునా అమ్మా?"

"మొదటినుంచి చివరిదాకా ఒకే స్థాయిలో నడిచింది. నీ అరుపుల్లేవు."

నేను నేల చూశాను.

"మాటలు కావులే, అది నాకు తెలుసు. అవతల ఎవరో ఏదో చాలా వేగంగా పంపుతున్నాడు. ఎక్కడా తడబడలేదు. మంచి చెయ్యి. రెండోవైపు తిప్పితే అదే మళ్ళీ. ఎవరతను?"

"అమ్మా, క్యాసెట్ ఎక్కడ?"

"దర్జీ వాళ్ళమ్మకు పంపేశా. పద్ధతి నువ్వు పెట్టిందే కదా!"

అటునుంచి అటే వెళ్ళాను. దర్జీ తల్లికి టేపు పెట్టె పాడైందనిపించిందట, కొడుకు చేతికిచ్చేసింది. కొడుకు పెట్టెలో వేశాడు. పెట్టెలో నూటికి పైగా క్యాసెట్లున్నాయి.

"ఏది కావాలయ్యగారూ?" అన్నాడు దర్జీ, నోట్లో సూది తీయకుండా.

నిజం చెప్పాల్సింది అక్కడే. గ్రంథం చంకలోనే ఉంది.

"పచ్చ గీతది. అది... మంచి టేపు. గొంతు బాగా పడుతుంది. కనిపిస్తే జాగ్రత్తగా దాచిపెట్టు."

"మీరు చెప్పాక ఇంకేం! ప్రాణంలా చూసుకుంటా."

నేను చెప్పింది అబద్ధం కాదు. మంచి టేపే.

మార్చి 13, గురువారం

దర్జీ దొరకలేదన్నాడు. వెతుకుతున్నాడట.

మార్చి 14, శుక్రవారం

దొరకలేదు.

"ఆ మనిషికి నిజం చెబితే తానుల కిందా మీదా వెతికి ఇచ్చేవాడు," అంది మా ఆవిడ.

"వెతుకుతున్నాడు కదా."

"దేన్ని వెతుకుతున్నాడో వాడికి తెలియాలి కదా."

భోజనం సహించలేదు. పెద్దావిడ ఈపాటికి సామాన్లు సర్దుకుంటూ ఉంటుంది.

మార్చి 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ్టి అంశం: దాచిపెట్టినవి. శనివారమే నిర్ణయించుకున్నాను. నాకేమీ సంబంధం లేకుండానే. ఏడు నిమిషాలు మాట్లాడి ఉంటాను, అప్పుడే వేడెక్కుతున్నాను, వేలు చాచి గది మూలనుంచి మూలకు తిప్పుతున్నాను. వేలు సరిగ్గా టేపు రికార్డరు దగ్గరికి వచ్చింది. చిన్న అద్దం కిటికీలోంచి చక్రాలు తిరుగుతున్నాయి. చక్రాల మధ్య పచ్చ గీత.

"ఆపు!" అన్నాను.

నా వేలు చూపినవైపు అందరి తలలూ తిరిగాయి.

"ఆపు! బయటికి తియ్! ఇప్పుడే తియ్!"

రికార్డరు పక్కన కూర్చున్న దర్జీ లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తీసేస్తానయ్యగారూ! కుట్టుమిషను వెనకాల దుప్పటి కప్పి పెట్టా. పదేళ్ళ నుంచీ. వార్తలే చూస్తాం, ఒట్టు!"

"వార్తలా!" అంది వాళ్ళావిడ వెనకనుంచి.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా బేకరీ అక్క లేచింది. "మాదీ ఉందయ్యగారూ. పిండి బస్తాల వెనకాల." ఆ తర్వాత తాళాలు బాగుచేసే పెద్దాయన. ఆ తర్వాత ఒక వరసంతా. ఇరవై రెండు ఇళ్ళలో పంతొమ్మిది! మిగిలిన మూడిళ్ళవాళ్ళవి చెడిపోయాయట.

నేను పరుగున వెళ్ళి రికార్డరు ఆపాను. క్యాసెట్ బయటికి లాగాను. నెత్తిన నీలం గుడ్డముక్క, చక్కగా కత్తిరించి అంటించి ఉంది.

"నిన్న రాత్రే దొరికిందయ్యగారూ," అన్నాడు దర్జీ. "మంచి టేపు, గొంతు బాగా పడుతుందన్నారని ఇవాళ్టి ప్రసంగానికే అట్టేపెట్టా. మీరు వింటే సంతోషిస్తారని..."

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ క్షణంలో ఎన్ని ప్రసంగాలైనా చేయగలిగేవాణ్ణి. దర్జీ మొహం చూశాక ఒక్కటీ రాలేదు.

"కూర్చో తమ్ముడూ," అన్నాను. "తప్పు నాది. నా వెనకగదిలో ధ్యానం లేదు. కంప్యూటర్లున్నాయి. మూడు."

"నాలుగు," అంది మా ఆవిడ మొదటి వరసలోంచి. "కాలిపోయినదాన్ని మరిచారు."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో తెలియదు. పెద్దావిడ సంగతి, ఇచ్చిన మాట సంగతి, దర్జీకి సగం నిజమే చెప్పిన సంగతి, అన్నీ చెప్పేశాను. చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. నా ప్రసంగాలన్నిటిలోకీ చిన్నది.

కానీ పెద్దావిడ ఆట మీద నా గొంతు పడింది. ఏడు నిమిషాలు.

మార్చి 17, సోమవారం

పొద్దున్నే ఇంటి ముందు ఆరు టీవీలు. బేకరీ అక్క తోపుడుబండి మీద తెచ్చింది.

"పిండి తుడిచి వాడండి, అయ్యగారూ. సౌండ్ మాత్రం పెద్దగా రాదు."

రంగుల టీవీల్లో బొమ్మ గిర్రున కిందికి జారిపోతోంది. సెకనుకు అరవైకీ యాభైకీ ఉన్న పేచీ ఇక్కడ కూడా. దర్జీది నలుపు తెలుపు. వెనక బొమ్మను నిలబెట్టే నాబ్ ఉంది. దాన్ని తిప్పుతూ పోతే బొమ్మ జారడం తగ్గి, వణికి, నిలబడింది. ఖాళీ తెర మీద చిన్న గడి, ఆరుతూ వెలుగుతూ.

పదేళ్ళు దుప్పటి కింద ఉన్నది నాకోసమే అన్నాడు దర్జీ. ఒప్పుకోలేదు, కాదనలేదు.

మార్చి 18, మంగళవారం

క్యాసెట్ మొదటివైపు వినిపించాను. యంత్రం ఏడు నిమిషాలు నా ప్రసంగం శ్రద్ధగా విని, తెర మీద ఒకే ఒక్క మాట వేసింది: తప్పు.

మా ఆవిడ కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

ఏడు నిమిషాలు పోయాక మిగిలిన మోత ఉన్నా లాభం లేదు, మొదలు లేనిదాన్ని యంత్రం ఒప్పుకోదు. పెద్దావిడకు ఏమని రాయను? మీ రికార్డును నా ప్రసంగం మింగేసిందని రాయాలి. రాస్తాను. అబద్ధం చెప్పొద్దంది కదా. రేపు రాస్తాను.

మార్చి 19, బుధవారం

రాయలేదు. మామ్మగారింటికి వెళ్ళాను, జరిగింది చెప్పాను.

"మరి రెండోవైపు?" అంది.

"రెండోవైపేముంది?"

"ఆ రోజే చెప్పానుగా, రెండోవైపూ అదే సందేశమని! తెలిసిన మనిషి నాయనా అతను. ముఖ్యమైంది రెండుసార్లు పంపాడు."

చెప్పింది. నేనే వినలేదు. ఎనిమిది రోజుల క్రితమే నా డైరీలో నా చేతివ్రాతతో ఉంది, ఇప్పుడే తిరగేసి చూశాను.

పరుగున ఇంటికి వచ్చాను. రెండోవైపు పెట్టాను. తప్పు. మళ్ళీ. తప్పు. ఆరుసార్లు. మళ్ళీ మామ్మగారింటికి.

"శబ్దం ఎంతలో పెట్టావ్?"

"ఎప్పుడూ పెట్టేంతలోనే. నిండా."

"అనుకున్నా. సగానికి తగ్గించు. మంచి చెయ్యి అరవదు."

మార్చి 20, గురువారం

సగానికి తగ్గించాను. నాలుగు నిమిషాలు కీచుమోత. తర్వాత నిశ్శబ్దం. తర్వాత తెర మీద ఒక కొండ లేచింది.

కొండకు మెట్లు. కింద ఇద్దరు గీతల మనుషులు. శిఖరం మీద జెండా, జెండా మీద పెద్దావిడ పేరు, పక్కన అంకె: ముప్పై ఒకటి. ముప్పై ఒక్క విసుర్లలో శిఖరం చేరిందన్నమాట. రికార్డు ఉంది! చిల్లు మూయని వైపున చెక్కుచెదరకుండా ఉంది!

అరిచాను. ఈసారి ఆపుకోలేదు.

ఆట మాత్రం పాచికలాట. పాచికల మీద నేను చేసినవి నాలుగు ప్రసంగాలు. అయితే రికార్డు నిజమైనదో కాదో పరీక్షించాలి కదా. పరీక్షించాను. పేరడిగింది, నా పేరు కొట్టాను. ఓడాను. పదకొండుసార్లు ఓడాను. యంత్రం తరఫు మనిషి ప్రతిసారీ నాకంటే ముందు ఎక్కి అక్కడ నిలబడి చెయ్యి ఊపుతాడు. దర్జీ వచ్చి ఓడాడు. మా ఆవిడ ఐదుసార్లు ఓడి, "వీడు దొంగ" అంది. టీవీతో సహా అన్నీ తోపుడుబండి మీద మామ్మగారింటికి తీసుకెళ్ళాను. ఆవిడా ఓడింది.

మార్చి 21, శుక్రవారం

మధ్యాహ్నం షాపు మూసి వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. పెద్దావిడ పేరు కొట్టి చూశాను.

మొదటిసారికే గెలిచాను.

మళ్ళీ కొట్టాను. గెలిచాను.

ప్రోగ్రాంను తెర మీదికి రప్పించి వరస వరసా చదివాను. రెండు వందల నలభయ్యో వరస: పేరు ఆవిడదైతే, పాచికకు రెండు కలుపు. రెండు వందల యాభయ్యో వరస: పేరు ఆయనదైతే, ఒకటి తీసెయ్.



మార్చి 22, శనివారం

అబద్ధం చెప్పొద్దంది. తెల్ల అబద్ధం, నల్ల అబద్ధం అని రెండు లేవని నేనే వేదిక మీద గుద్ది చెప్పాను. గ్రంథం తెరిచాను. గుడారం కొలతలు వచ్చాయి. ఇంకోచోట తెరిచాను. ఎవరికెవరు పుట్టారో ఒక పేజీడు వచ్చింది.

మామ్మగారి దగ్గరికి వెళ్ళి ఆ రెండు వరసల సంగతి చెప్పాను.

"ఆవిడేమడిగింది?"

"రికార్డు ఉందా లేదా అని."

"ఉందా?"

"ఉందమ్మా. కానీ..."

"కానీ లేదు. అడిగిన సందేశం అందించు. మిగతాది ఆయన ఆవిడకు పంపుకున్నది. మధ్యవాడివి నువ్వు చదివేశావ్, సరే. నోరు మూసుకో. ముప్పై ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం అదే."

మార్చి 23, ఆదివారం

ప్రసంగం ఇరవై నిమిషాలే. శబ్దం సగంలో. బేకరీ అక్క ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

మధ్యాహ్నం ఉత్తరం రాశాను: "మీ రికార్డు చెక్కుచెదరలేదు, ముప్పై ఒకటి. నేను పదకొండుసార్లు ఆడి పదకొండుసార్లూ ఓడాను. నా భార్య, ఒక దర్జీ, తంతి ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దావిడ, అందరం ఓడాం. మా పేర్లతో ఆడినవాళ్ళెవరం మీ దరిదాపుల్లోకి రాలేదు. క్యాసెట్ మొదటివైపు నా తప్పువల్ల చెడింది, క్షమించండి. రెండోవైపు భద్రం. మీ ఆయన ఆట ఎంతో శ్రద్ధగా రాశారు. ప్రతి వరసా మీ కోసమే."

మూడుసార్లు చదివాను. అబద్ధం ఒక్కటీ లేదు. మా ఆవిడ ఫోన్‌తో ఆ ఉత్తరాన్నీ, కొండ ఫొటోనూ పంపించాం. ఫోన్ మీద నేనెప్పుడూ ప్రసంగించలేదు.

మార్చి 26, బుధవారం

జవాబొచ్చింది!

"నాకు తెలుసు, నన్ను ఎవరూ గెలవలేరని. ఓడినవాళ్ళు గిన్నెలు కడగాలని మా పందెం. పాపం, ఇరవై తొమ్మిదేళ్ళు ఆయనే కడిగాడు. ఒక్కరోజైనా గెలుస్తాడేమోనని చూశాను, ఊహూ. ఫొటో పెద్దది చేయించి కొత్త గదిలో గోడకు పెట్టుకుంటాను. ఆ దర్జీకి చెప్పండి, దిగులుపడొద్దని."

మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. "గిన్నెల పందెం!" అంది. "మనమూ వేసుకుందాం."

"పాచికలతో పందెమా? నా ఇంట్లోనా?"

"భయమా?"

మార్చి 29, శనివారం

పందెం వేసుకున్నాం. మా ఆవిడ వరసగా నాలుగుసార్లు గెలిచింది. మొన్నటిదాకా దొంగ అన్న యంత్రాన్ని ఇవాళ తలుపు దగ్గర నిలబడి వీధంతటికీ మెచ్చుకుంటోంది. "నేర్చుకోవాలంతే, పెద్ద విద్యేం కాదు," అని దర్జీ వాళ్ళావిడకు చెబుతుంటే విన్నాను. నా మనిషి ఒక్కసారి కూడా కొండ సగం దాటలేదు. గిన్నెలు కడిగి వచ్చి ఇది రాస్తున్నాను. చేతులింకా తడిగానే ఉన్నాయి.

రెండు వందల అరవై, రెండు వందల డెబ్భై అని రెండు కొత్త వరసలు చేరాయి ప్రోగ్రాంలో. కరెంటు తీస్తే యంత్రం మరిచిపోతుంది, కాబట్టి టేపు మీద దాచాలి. పెద్దావిడ క్యాసెట్ జోలికి పోను, ఆ రెండోవైపుకు ఎవరూ గుడ్డముక్క అంటించరు. ఇంకో క్యాసెట్ కావాలి. చేతికి అందింది ఒక్కటే ఉంది: మార్చి తొమ్మిదిది, "ఓ కపటీ". చిల్లు ఎలాగూ మూసే ఉంది.

గ్రంథాన్ని కాస్త పక్కకు జరిపి, రికార్డు మీట నొక్కాను.